మూడు రంగుల చిన్న గ్లాసు

(ఇంటింటి ముచ్చట)

నెలాఖరు వచ్చిందంటే ప్రాజెక్టు టౌన్‌షిప్పులలో ఎక్కడో ఒకచోట పదవీ విరమణ సభ తప్పదు. శాలువా, పూలదండ, జ్ఞాపిక, నాలుగు మంచి మాటలు. సభ ముగిసిన తరువాత రాత్రికి ఇంటివద్ద విందు. ఆ విందులో సాధారణంగా రెండు పళ్ళేలు తిరుగుతూ ఉంటాయి. ఒకటి పెరటివైపు కూర్చున్న మగవారి దగ్గరకు వెళుతుంది. రెండవది, చల్లని పానీయాల పళ్ళెం, హాలులోని ఆడవారికి, పిల్లలకు వస్తుంది. ఈ ఏర్పాటు ఎంతగా అలవాటైపోయిందంటే ఎవరూ దానిని గురించి ఆలోచించరు.

ఆ మధ్య ఒక విందులో నేను ఆలోచించవలసి వచ్చింది. మాకు తెలిసిన పెద్దమనిషి ఒకరు, డాక్టరు సలహాపై మూడేళ్ళ క్రితం మద్యం పూర్తిగా మానివేశారు. ఆ రాత్రి మిత్రులందరూ లేచి నిలబడి, విరమించుచున్న సహోద్యోగి ఆయురారోగ్యాలను కోరుతూ గ్లాసులు పైకెత్తారు. ఆయన ఒక్కరే స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకొని, తలుపు ప్రక్కన నిలబడ్డారు. ఎవరో హాస్యమాడారు. ఆయన కూడ నవ్వారు. భోజనం చేయకుండానే ఇంటికి వెళ్ళిపోయారు.

మరునాడు ఆయన భార్య మా ఇంటికి వచ్చి, "వదినా, ఆయనకు త్రాగాలని లేదు. అందరితోపాటు చేయి ఎత్తాలని ఉన్నది. అంతే" అన్నారు.

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. ఈ నెల ముచ్చట దాని నుండి పుట్టినదే. గదిలో ఉన్న ప్రతివారూ, పదేళ్ళ పిల్లవాడు మొదలుకొని మద్యం మానుకొన్న పెద్దమనిషి వరకు, ఒకే రకం గ్లాసును ఒకేసారి పైకెత్తగలిగేటట్లు చేయాలంటే ఏమి చేయాలి? ఆ గ్లాసు చూడముచ్చటగా ఉండాలి, తియ్యగా ఉండాలి, మన బస్తర్‌లో దొరికే వస్తువులతో తయారుకావాలి. అటువంటి దానిని ఒకటి చేసి చూశాను. మీరూ చేసి చూడండి.

షాట్ అంటే ఏమిటి?

పట్టణాలలోని పెద్ద హోటళ్ళలో 'షాట్' అనే పేరుతో ఒక గుక్కెడు పానీయాన్ని బొటనవ్రేలంత గ్లాసులో ఇస్తారు. 30 నుండి 60 మిల్లీలీటర్లు మాత్రమే పడుతుంది. దానిలో రంగురంగుల ద్రవాలను ఒకదానిపై ఒకటి కలిసిపోకుండా నిలబెట్టడం ఒక వేడుక. ఇది నిన్న మొన్నటి వింత కాదు. అమెరికాలో జెర్రీ థామస్ అనే ఆయన 1862లో ప్రకటించిన పానీయాల తయారీ పుస్తకంలోనే 'పూస్ కాఫే' అనే ఫ్రెంచి పేరుతో ఇటువంటి పొరల పానీయాలు ఉన్నాయి.

చూపుకు ఎంత అందమో, లోపల అంత మోసం కూడ ఈ గ్లాసులో ఉన్నది. 40 శాతం మద్యం గల 30 మిల్లీలీటర్ల గ్లాసులో 9 గ్రాములకు పైగా ఆల్కహాలు ఉంటుంది. మన కాలేయం గంటకు సుమారుగా అంతమాత్రమే కరగదీయగలదు. నాలుక మీద తీపి, కంటికి రంగు తగలడం వలన త్రాగేవారికి ఘాటు తెలియదు. షర్బత్తు అనుకొని అరగంటలో ఐదు గ్లాసులు త్రాగితే, శరీరానికి ఐదు గంటల పని అప్పగించినట్లే. రాత్రి పదకొండు గంటలకు ముగిసిన విందు, ఉదయపు షిఫ్టుకు బస్సెక్కే వేళకు రక్తంలో ఇంకా మిగిలి ఉండవచ్చును. మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే వాహనం నడపడం నేరం. డంపర్లు, షవెల్‌లు, పేలుడు పదార్థాల నడుమ పనిచేసేవారి ఇళ్ళలో ఈ లెక్క ఇల్లాలికి కూడ తెలిసి ఉండాలి.

కాబట్టి మన గ్లాసులో రంగు ఉంటుంది, తీపి ఉంటుంది. మత్తు మాత్రం ఉండదు.

ఇప్పపువ్వు చుట్టరికం

బస్తర్‌లో ఉంటూ తియ్యని పానీయం చేయదలచినప్పుడు మొదట గుర్తుకు రావలసినది ఇప్పపువ్వు. ఇక్కడివారు మహువా అంటారు. తమిళంలో ఇలుప్పై, ఇరుప్పై అని రెండు రూపాలున్నాయి. గోండీ భాషలోని 'ఇరుపు' అనే మాటను వింటే మన 'ఇప్ప'తో దానికి గల చుట్టరికం ఎవరికైనా తెలుస్తుంది. గానుగ లేని ఊరికి ఇప్పపువ్వే చక్కెర అని తమిళులకొక సామెత. అది అక్షరసత్యం. ఎండిన ఇప్పపూల బరువులో సగానికి పైగా చక్కెరలే ఉంటాయి.

మార్చి, ఏప్రిల్ నెలలలో చెట్టు ఆకులు రాల్చుకొని నిలబడిన కాలాన, రాత్రి విచ్చిన పూలు తెల్లవారుజామున రాలుతాయి. ఆ పూలను కోయరు, ఏరుకొంటారు. అందుకే ఆ రోజులలో పల్లెలలోని స్త్రీలు, పిల్లలు చీకటితోనే గంపలు పట్టుకొని చెట్ల క్రిందికి చేరుతారు. పాలతెలుపు రంగులో ఉన్న కండగల పువ్వు రెండు మూడు రోజుల ఎండకు కిస్‌మిస్ పండు వలె ముడుచుకొని గోధుమ ఎరుపు రంగుకు తిరుగుతుంది. అలా ఎండిన పువ్వు ఏడాది పొడుగునా నిలువ ఉంటుంది. అడవిని నరికి పొలం చేసుకొన్నవారు కూడ ఇప్పచెట్టును మాత్రం వదలివేయడం మనం గట్ల మీద చూస్తూనే ఉన్నాము.

మనలో చాలామందికి ఇప్పపువ్వు అంటే సారా తప్ప మరొకటి తోచదు. ఆదివాసుల ఇళ్ళలో ఆ సారాకు ఒక స్థానమున్న మాట నిజమే. పుట్టుకకు, పెళ్ళికి, చావుకు అది ఉండాలి. త్రాగడానికి ముందు ఆకుదొన్నెలో నుండి కొన్ని చుక్కలు నేలపై వదలి, దేవతలను, పెద్దలను తలచుకొంటారు. దానిని తప్పుపట్టడం మన పని కాదు. అయితే అదే పువ్వును వారు వేయించుకొని తింటారు, ఉడికించుకొంటారు, గింజలతో కలిపి దంచి ఉండలు చేస్తారు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు ఇప్పపూల లడ్డూలు తయారుచేసి అమ్ముతున్నారు. ఆకలి రోజులలో అడవి కుటుంబాలను నిలబెట్టిన ఆహారమది. సారా అనే ఒక్క పేరుతో దానిని మన వంటింటి బయట నిలబెట్టడం న్యాయం కాదు.

మొదటిసారి నేను వారపు సంతలో పావుకిలో ఇప్పపూలు అడిగినప్పుడు అమ్మే ఆమె నన్ను ఎగాదిగా చూసి, "దారూ కోసమా దీదీ?" అన్నది. పిల్లల కోసమని చెప్పగానే ఆమె ముఖం విప్పారింది. ఒక పువ్వు తీసి, లోపల ఉన్న సన్నని కేసరాలను రాల్చి చూపించి, ఇవి ఉంటే గొంతులో గీరుకొంటాయి, ముందుగా కర్రతో తేలికగా కొట్టి చెరగాలని చెప్పింది. తూకం మీద ఒక గుప్పెడు ఎక్కువే వేసింది.

ఎరుపు, నీలం

రెండవ రంగు ఎరుపు. ఇది గోంగూర నుండి వస్తుంది. ఎర్ర గోంగూర మొక్కకు పువ్వు రాలిన తరువాత కాయను చుట్టుకొని ఉండే ఎర్రని, పుల్లని, దళసరి రేకులే మనకు కావలసినవి. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఈ మొక్కను అమారీ అంటారు. కొత్తవలస నుండి కిరందుల్‌కు 1960లలో రైలుమార్గం వేసిన తరువాత, 1968లో బైలదిల్లాలో ఇనుప ఖనిజం త్రవ్వకం మొదలైంది. ఖనిజం విశాఖ రేవుకు దిగింది. తెలుగు కుటుంబాలు కొండ పైకి ఎక్కాయి. వచ్చినవారి మూటలలో గోంగూర విత్తనాలు ఉండే ఉంటాయి. తీరా వచ్చి చూస్తే ఆ మొక్క ఇక్కడివారి పెరళ్ళలో ముందే ఉన్నది. చలికాలంలో ఆ రేకులను వలిచి ఎండబెట్టి సీసాలో పోసుకొంటే ఏడాదంతా పనికివస్తాయి.

మూడవ రంగు నీలం. మన క్వార్టర్ల కంచెలపై పాకే శంఖుపూల తీగ దీనిని ఇస్తుంది. ముదురు నీలి పూలను మాత్రమే, తొడిమ తీసి, నీడలో ఆరబెట్టాలి. ఈ తీగ గింజలు, వేరు విరేచనం కలిగిస్తాయి కాబట్టి పిల్లలు వాటి జోలికి పోకుండ చూడాలి. ఈ పూల నీటికి ఒక విచిత్ర గుణమున్నది. పులుపు తగిలితే నీలం ఊదారంగుకు మారుతుంది. మన గ్లాసులోని వింత అంతా ఆ గుణంలోనే ఉన్నది.

బజారులో దొరికే రంగుపొడి ఒక చిటికెడు వేస్తే ఈ శ్రమ అంతా తప్పుతుంది కదా అని కొందరనవచ్చు. మన దేశంలో ఆహారానికి అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిది మాత్రమే. వాటికి కూడ మోతాదు హద్దు ఉన్నది. సంతలో పొట్లం కట్టి ఇచ్చే పొడి వాటిలోనిదో, బట్టల అద్దకానిదో చూచి చెప్పలేము. అద్దకపు రంగైన రోడమిన్-బి కనబడినందువలన 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయి అమ్మకాన్నే నిషేధించింది. పసిపిల్లలు త్రాగే గ్లాసులో మనం అంత సాహసం చేయనవసరం లేదు.

తయారుచేయు విధానం (25 గ్లాసులకు)

ఇప్పపూల పాకం: ఎండిన ఇప్పపూలు 200 గ్రాములు తీసుకొని, కేసరాలు పోయేటట్లు కొట్టి చెరగాలి. ఇసుక ఉంటుంది కాబట్టి నాలుగైదు నీళ్ళలో త్వరత్వరగా కడగాలి. నానబెట్టి కడిగితే తీపి పోతుంది. 600 మిల్లీలీటర్ల నీటిలో అరగంట నాననిచ్చి, అదే నీటితో సన్నని సెగపై ఇరవై నిమిషాలు ఉడికించాలి. పలుచని గుడ్డలో పిండకుండా వడకట్టాలి. పిండితే పాకం మసకబారుతుంది. వడకట్టిన నీటిని 300 మిల్లీలీటర్లకు మరగనిచ్చి, 150 గ్రాముల పంచదార, ఒక ఏలక్కాయ పొడి వేసి కరగనివ్వాలి. ఇప్పపువ్వుకు తనదైన ఒక ఘాటు వాసన ఉన్నది. ఏలకి దానిని మెత్తబరుస్తుంది.

గోంగూర రేకుల రసం: ఎండిన రేకులు 25 గ్రాములు, నీరు 350 మిల్లీలీటర్లు. ఐదు నిమిషాలు మరిగించి వడకట్టి, 120 గ్రాముల పంచదార కలపాలి. ఎక్కువసేపు మరిగిస్తే వగరు వస్తుంది.

శంఖుపూల నీరు: మరిగిన నీరు 400 మిల్లీలీటర్లు తీసుకొని, అందులో 30 ఎండుపూలు వేసి పది నిమిషాలు మూతపెట్టాలి. వడకట్టి 20 గ్రాముల పంచదార మాత్రమే కలపాలి. దీనిలో నిమ్మరసం వేయకూడదు.

మూడింటినీ వేరువేరు సీసాలలో పోసి, కనీసం మూడు గంటలు ఫ్రిజ్‌లో ఒకే చల్లదనానికి రానివ్వాలి.

ఇక పోయడం. 60 మిల్లీలీటర్ల గాజు గ్లాసులో మొదట మూడు టీ చెంచాల ఇప్పపాకం పోయాలి. తరువాత చెంచాను బోర్లించి, దాని కొన గ్లాసు లోపలి గోడకు, పాకం ఉపరితలానికి తగిలీ తగలనట్లు పట్టుకొని, చెంచా వీపు మీదుగా మూడు చెంచాల ఎర్రరసాన్ని సన్నని ధారగా జారనివ్వాలి. అదే విధంగా పైన మూడు చెంచాల నీలినీరు. తొందరపడితే పొరలు కలుస్తాయి. మొదటి రెండు మూడు గ్లాసులు పాడైనా నిరాశపడనవసరం లేదు. వాటిని వంటింట్లోనే పిల్లలు ఖాళీ చేస్తారు.

పొరలు ఎందుకు నిలుస్తాయి?

మా అమ్మాయి అడిగిన ఈ ప్రశ్నకు సమాధానం చక్కెరలోనే ఉన్నది. లీటరు మంచినీరు ఒక కిలో తూగుతుంది. బరువులో 5 శాతం చక్కెర ఉన్న లీటరు నీరు సుమారు 1020 గ్రాములు, 27 శాతం ఉన్నది సుమారు 1110 గ్రాములు, 50 శాతం ఉన్నది 1230 గ్రాములు తూగుతాయి. బరువైనది అడుగున, తేలికైనది పైన. గ్లాసు వంచి కదిలించేవరకు అవి తమ తమ చోట్ల నిలుస్తాయి. ముఖ్యమైన రహస్యం ఒక్కటే: ఎర్రరసం పుల్లగా ఉన్నదని చెప్పి పంచదార పెంచకూడదు, నీలినీరు చప్పగా ఉన్నదని తీపి చేయకూడదు. పై పొర చప్పగా ఉండబట్టే పైన నిలిచింది.

ఎరుపు, నీలం కలిసే అంచున పులుపు తగిలి, కొద్ది నిమిషాలలో సన్నని ఊదారంగు ఉంగరం ఏర్పడుతుంది. అది మనం పోయని నాలుగవ రంగు. పిల్లలు గ్లాసును కంటికెదురుగా పెట్టుకొని దానికోసం ఎదురుచూస్తారు. త్రాగేటప్పుడు కూడ ఒక వరుస ఉన్నది. మొదట చప్పన, తరువాత పులుపు, చివరకు చిక్కని తీపి నాలుకకు తగులుతాయి.

జాగ్రత్తలు రెండు. ఇప్పపాకం బయట ఉంటే త్వరగా పులియనారంభిస్తుంది. విందు రోజునే చేసుకొని, మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటికి ముగించాలి. నురుగు గాని, పులిసిన వాసన గాని కనిపిస్తే పారపోయాలి. లేకపోతే మనం తప్పించదలచినదే మళ్ళీ గ్లాసులోకి వస్తుంది. రెండవది, ఒక్కొక్క గ్లాసులో మూడు టీ చెంచాల పంచదారకు సమానమైన తీపి ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి పాకం వేయకుండా, తీపి కలపని గోంగూర రసం, శంఖుపూల నీరు కలిపి అదే గ్లాసులో ఇవ్వాలి. పొరలు నిలువవు, కాని గ్లాసంతా ఊదారంగుతో మెరుస్తుంది. చేయి ఎత్తడానికి అదీ చాలును.

మొన్నటి విందు

క్రిందటి వేసవిలో మా వరుసలోని ఒక క్వార్టరులో మళ్ళీ పదవీ విరమణ విందు జరిగింది. ఇంటివారిని అడిగి, ఇరుగుపొరుగు నలుగురమూ కలిసి మధ్యాహ్నం నుండి కూర్చొని యాభై గ్లాసులు నింపాము. పెరటికి వేరే పళ్ళెం వెళ్ళలేదని చెప్పను. త్రాగేవారు తరువాత త్రాగారు. కాని శుభాకాంక్షల వేళకు ఇంటి యజమాని అందరినీ హాలులోకి పిలిచారు. అక్కడ ఒకే పళ్ళెం తిరిగింది. పిల్లలు, ముసలివారు, కొత్తగా చేరిన ట్రైనీలు, ఇల్లాండ్రు, అందరి చేతులలోను అదే మూడు రంగుల గ్లాసు.

నేను చెప్పిన పెద్దమనిషి ఈసారి తలుపు ప్రక్కన లేరు. విరమించుచున్న మిత్రుని ప్రక్కనే నిలబడి, ముప్పై ఏళ్ళ క్రితం వారిద్దరూ ఒకే రోజున ఉద్యోగంలో చేరిన సంగతి చెప్పి, గ్లాసు పైకెత్తారు. ఆ రాత్రి ఆయన భోజనానికి కూడ కూర్చున్నారు. వెళ్ళేముందు వంటింటి గుమ్మం వద్దకు వచ్చి, "అమ్మా, ఆ అడుగున ఉన్నదేమిటి?" అని అడిగారు. ఇప్పపువ్వని చెప్పాను. ఒక నిమిషం నమ్మలేనట్లు చూశారు. తరువాత, "ఇంతకాలం దీనిని ఇలా కూడ త్రాగవచ్చునని తెలియలేదు" అన్నారు.

ఈ ఏడాది ఇప్పపూలు రాలే కాలంలో సంతకు వెళ్ళినప్పుడు పావుకిలో కొని దాచుకోండి. గోంగూర రేకులు, శంఖుపూలు మీ పెరటిలోనే ఉన్నాయి. ఇంకేదైనా రంగు, ఇంకేదైనా రుచి మీకు తోచితే ఈ శీర్షికకు వ్రాసి పంపండి. మీ ఇంటి విందులో పళ్ళెం ఎంత పెద్దదైనా ఫరవాలేదు. ఒక్కసారైనా అది అందరి ముందుకూ వచ్చేటట్లు చూడండి.